మూడు నోళ్ల సాక్ష్యం

వెంకటముని ఎనిమిదేళ్లుగా ఒకే ప్రశ్నను గొడ్డు బర్రెను మేపినట్టు మేపుతున్నాడు. అది ఈనలేదు, పాలివ్వలేదు.

ప్రశ్న చెప్పడానికి చిన్నదే. మాటకు మాట అతికి కొత్త మాట పుడుతుంది. నోట్లో పడ్డాక ధ్వనులు మారతాయి. ఈ రెండు పనుల్లో ఏది ముందు? అతకడమంతా ముగిశాకే ధ్వనుల మార్పు మొదలవుతుందా? లేక ఒక అతుకు, ఒక మార్పు, మళ్లీ ఒక అతుకు, మళ్లీ ఒక మార్పు, ఇలా రెండూ వంతులేసుకుని నడుస్తాయా? దీని మీద దేశదేశాల పండితులు జుట్టు జుట్టు పట్టుకుంటున్నారని అతని గైడు ప్రొఫెసర్ చక్రధర్ చెప్పాడు. చక్రధర్‌ది గుంటూరు వైపు. తిరుపతి యూనివర్సిటీకి వచ్చి ఇరవై ఏళ్లయింది.

"మీ కాళహస్తిలో కలంకారీ గుడ్డకు ముందు కరక్కాయ నీళ్లు పట్టిస్తారు. తర్వాత నల్ల గీత, తర్వాత పటిక, ఆ తర్వాతే ఎరుపు. వరస తప్పితే రంగు పట్టదు. మాటకూ వరస ఉంటుందయ్యా. ఆ వరస పట్టుకుని రా, నీకు పట్టా ఇప్పిస్తా" అన్నాడు.

వెంకటముని శ్రీకాళహస్తి దగ్గర ఒక హైస్కూల్లో తెలుగు అయ్యవారు. నలభై రెండేళ్లు. 1999 మార్చి నెలాఖరులోగా థీసిస్ ఇవ్వకపోతే రిజిస్ట్రేషన్ రద్దవుతుంది. పట్టా వస్తే కాలేజీలో లెక్చరర్ ఉద్యోగం. రాకపోతే రిటైరయ్యేదాకా ఎనిమిదో తరగతికి సవర్ణదీర్ఘ సంధి చెప్పుకుంటూ కూచోవాలి. తోటి అయ్యవార్లు పట్టా రాకముందే అతన్ని డాక్టరని పిలవడం మొదలుపెట్టారు.

"ఏమప్పా డాక్టరూ, మోకాలు నొప్పిగా ఉండాది. సూది యెప్పుడేస్తావు?"

అందరూ నవ్వేవారు. వెంకటముని కూడా నవ్వేవాడు. ఆ నవ్వులు ఒక్కొక్కటీ లోపల దాచుకున్నాడు.

జవాబు అతనికి మునిరామయ్య ఇంట్లో దొరికింది. ఏర్పేడు దాటాక రైలు గేటు పక్కనుంచి లోపలికి పోతే ఆ ఊరు. మునిరామయ్య పన్నెండెకరాల రైతు. ముగ్గురు కొడుకులు, ముగ్గురు కోడళ్లు. భార్య పోయి మూడేళ్లు. ఆయనకు ఉబ్బసం. లోపలి వసారాలో నులక మంచం మీద ఉండేవాడు. ఆ ఇంటి కోడళ్లకు చదువు లేదు. మధ్యాహ్నం పూట ముగ్గురూ పంచలో కూచుని విత్తనానికి వేరుశనక్కాయలు ఒలిచేవారు. చేతికి పని ఉంటే నోటికి బెదురుండదన్నది చక్రధర్ చెప్పిన కిటుకు. వెంకటముని టేపు రికార్డరు వాళ్ల మధ్య పెట్టి పనిముట్ల పేర్లు, చెట్ల పేర్లు, ఒంటి భాగాల పేర్లు అడిగేవాడు. క్యాసెట్ల నిండా పొట్టు చిట్లిన చప్పుడే.

వాళ్లు మునక్కాయను మొనక్కాయ అన్నారు. కాలి కొసల మీద నిలబడితే మునివేళ్లు కాదు, మొనవేళ్లు. ముందరి పళ్లు మొనపండ్లు. పొద్దు గుంకే వేళ మొనమాపు. పెద్దకోడలు భారతమ్మ అదే అంది. నడిపి కోడలు అదే అంది. చిన్నకోడలు తాయమ్మ అదే అంది. ముగ్గురివీ మూడు దిక్కుల పుట్టిళ్లు. మూడు నోళ్లూ ఒకటే పలికాయి.

వెంకటముని ఒళ్లు పులకరించింది. విడిమాటలో కదలకుండా ఉండే 'ము', పక్కన ఇంకో మాట అతికేసరికి 'మొ' అవుతోంది. అంటే నిద్రపోయే ధ్వని సూత్రం ఒకటి అతుకు పడగానే లేస్తోంది. అంటే రెండు పనులూ వంతులేసుకునే నడుస్తున్నాయి! చక్రధర్ కుర్చీలోంచి లేచి అతని భుజం తట్టాడు. ఎనిమిదేళ్లలో అదే మొదటిసారి.

ఆ ఇంట్లో ఇంకో నోరు కూడా ఉంది. భారతమ్మ కూతురు ప్రశాంతి, ఇంటర్ రెండో ఏడు. ఆ పిల్ల ఒకరోజు పుస్తకాల సంచీ దించుతూ అంది.

"మునక్కాయే సార్. మొనక్కాయంటే మా కాలేజీలో నగతారు. ఈ యింట్లో కోడండ్లు మాత్రమే అట్లంటారు, ఎందుకంటే..."

"నువ్వు సదువుకున్న పిల్లవమ్మా. నీ నోరు పనికిరాదు" అని వెంకటముని ఆమె మాటను నోట్‌బుక్‌లో అడ్డంగా కొట్టేశాడు. 'ఎందుకంటే' తర్వాత ఏముందో వినలేదు.

ఇంకొకటి కూడా అతని కళ్లముందే ఉంది. వాళ్లు అతన్ని వెంకటమునిసారూ అని ఒక్కనాడూ పిలవలేదు. ఎంకటసారూ అనేవారు. అది చనువనుకున్నాడు.

జనవరిలో చక్రధర్ ఒక మెలిక పెట్టాడు.

"అంతా బాగుందయ్యా. కానీ అతుకు లేకుండా ఆ 'ము' వాళ్ల నోట ఎలా పలుకుతుంది? ముని అనే మాట ఉంది. ఋషి. అది కూడా మొని అయిందనుకో, నీ సూత్రానికి అతుకుతో పనిలేదు, వాళ్లకసలు ఆ ధ్వనే పలకదు. ముని అనే అన్నారనుకో, నీ సిద్ధాంతం నిలబడినట్టే. ఆ ఒక్క మాట, ఆ ఆడవాళ్లలో ఒకరి గొంతులో, టేపు మీద కావాలి. లేకపోతే సంతకం పెట్టను."

నెలాఖరు శనివారం వెంకటముని ఆ ఊరికి పోయాడు. మగవాళ్లు చేల దగ్గరున్నారు. భారతమ్మ, నడిపామె కాళహస్తిలో ఏదో శుభకార్యానికి పోయారు. ముసలాయన దగ్గి దగ్గి అలిసి లోపల కళ్లు మూసుకుని ఉన్నాడు. పంచలో తాయమ్మ ఒక్కతే కాయలు ఒలుస్తోంది. ముప్పై నాలుగేళ్లుంటాయి. పిల్లల్లేరు. ఆ ఇంట్లో ఆమెకు పని ఎక్కువ, మాట తక్కువ. అందుకే టేపు ముందర ఎక్కువ మాట్లాడేది.

వెంకటముని సంచీలోంచి ఒక క్యాలెండరు బొమ్మ తీశాడు. చెట్టు కింద గడ్డం, జడలు, కమండలం.

"ఈయనెవురు తాయమ్మా?"

"సామి."

"సామంటే దేవుడు. ఈయన అడివిలో తపస్సు సేసుకునేటాయన."

"అయితే అదే. తపస్సు సేసుకునేటాయన."

"ఒక మాటలో సెప్పాల."

"గడ్డమాయన" అని తాయమ్మ కిసుక్కున నవ్వింది.

"ఎగతాళొద్దమ్మా. నీకు తెలుసు ఆ మాట."

"మీకూ తెలుసు గదా సార్. మీరే సెప్పుకోండి, ఆ పెట్టె పట్టుకుంటాది."

"నా నోరు పనికిరాదు. నేను సదువుకున్నోణ్ణి."

"అబ్బో! సదువుకుంటే నోరు సెడిపోతాదా? అయితే మేము సదువుకోకపోయింది మేలే."

గంటసేపు అదే తంతు. పుట్ట దగ్గరికి పోయిన ఎద్దులా ఆమె ఆ మాట చుట్టూ తిరిగి పక్కకు తొలగిపోయేది. వెంకటమునికి ఓపిక అయిపోయింది. చేతులు జోడించాడు. నటన కాదు.

"తాయమ్మా, మార్చి లోపల ఆ మాట లేకుంటే నా ఎనిమిదేండ్లూ ఏట్లో పోసినట్టే. బడిలో నన్ను సూసి ఎట్ల నగతారో నీకు తెల్దు. ఒక్క మాట. నీ కాళ్లు పట్టుకుంటా."

నిజంగానే వంగాడు. తాయమ్మ కాళ్లు వెనక్కి లాక్కుంది.

"అయ్యయ్యో, అట్ల సేయగాకండి సార్. పెద్దోళ్లు."

లేచి లోపలికి తొంగిచూసింది. వసారా తలుపు దగ్గరగా వేసింది. వచ్చి టేపు రికార్డరు మీదికి వంగి, చెవిలో చెప్పినట్టు చెప్పింది.

"ముని."

ఆ తర్వాత చేతుల్లోని పొట్టు దులుపుకుంది.

"అయిపాయ. ఈ యింటికొచ్చి పదారేండ్లు సార్. ఆ పేరు నా నోట రావడం ఇదే మొదులు."

"పేరేంది?"

"మా మామ పేరు గదా సార్! మీ పేర్లో గుడక ఉందంట. అందుకే ఎంకటసారనేది." ఆమె మళ్లీ నవ్వింది. "నేను కాపరానికొచ్చిన పొద్దే మా అత్త సెప్పింది, ఈ యింట్లో మునక్కాయ అనేది లేదు, మొనక్కాయ అను అని. అక్కోళ్లకూ అదే సెప్పింది. మా పలమనేరు పక్క అందురూ మునక్కాయే. మునివేండ్లే. మునిపండ్లే. మునిమాపే."

బెల్లం దొంగిలించి తింటున్న పిల్లలా ఒక్కొక్క మాటా నోట్లో పెట్టుకుని చప్పరించింది.

వెంకటమునికి అర్థమైంది. సూత్రం లేదు. అతుకూ లేదు. ముసలమ్మ ఒకతె, చచ్చిపోయిన ఒక అత్త, పెట్టిన ఆజ్ఞ ఉంది. మూడు దిక్కుల నుంచి వచ్చిన మూడు నోళ్లను ఒక ఇంటి భయం ఒకేలా వంచింది. అతడు పుట్టింది ఈ జిల్లాలోనే. వాళ్లమ్మ కూడా బతికినన్నాళ్లూ మొగుడి పేరు పలకలేదు. ఆ సంగతి తెలిసినవాడు దాన్ని మునక్కాయ దాకా తీసుకుపోలేకపోయాడు.

మనసు పనిచేయనప్పుడు చేయి పాత అలవాటు చేస్తుంది. ప్రతిసారీ రికార్డింగు కాగానే టేపు వెనక్కి తిప్పి, సరిగా పడిందో లేదో వినడం అతని అలవాటు. ఆమె గుసగుసగా మాట్లాడిందని శబ్దం పూర్తిగా పెంచి ఉంచాడు. మీట నొక్కాడు.

"ముని" అంది పెట్టె, పంచ అదిరేటట్టు. తర్వాత నవ్వు. తర్వాత మునక్కాయ, మునివేండ్లు, మునిపండ్లు.

తాయమ్మ పెట్టె మీద పడి చేతులతో మూసింది. లోపల దగ్గు లేచింది.

"ఎవురే అది? నన్ను పేరు పెట్టి పిల్సేది ఎవురే?"

అదే వేళకు భారతమ్మ తాంబూలం సంచీతో వాకిట్లోకి అడుగుపెట్టింది. ఆమె ముందు టేపు రికార్డరును చూసింది, తర్వాత తాయమ్మను చూసింది. అరవలేదు. సంచీ నేల మీద పెట్టి, "బాగుండాదే" అంది. "మామను పేరు పెట్టి పిల్సి నగే దానివైతివా?"

వెంకటముని మాట్లాడి ఉండాల్సింది అప్పుడే. అతడు వైరు చుట్టుకుని, పెట్టె చంకన పెట్టుకుని, బస్సు టైమయిందని లేచాడు.

మునిరామయ్య తొమ్మిదో రోజు పోయాడు. ఆయనకు ఉబ్బసం పదేళ్లుగా ఉంది. ఈ చలికాలం దాటడం కష్టమని తిరుపతి డాక్టరు అంతకుముందే చెప్పాడు. డాక్టరు మాట ఎవరికీ గుర్తు రాలేదు. కోడలు పేరు పెట్టి పిలిచి ఆయుస్సు తుంచేసిందన్నది ఊరంతా గుర్తు పెట్టుకుంది. పెద్ద దినం మరునాడే తాయమ్మ ట్రంకు పెట్టెను మొగుడు గోవిందయ్య పలమనేరు బస్సు పైకెక్కించాడు. అన్నదమ్ములు పొత్తులో ఉన్నారు. వదిన మాటకు ఎదురు చెప్పే ధైర్యం అతనికి పుట్టుకతోనే లేదు.

వెంకటముని అప్పటికే తన పని చేసుకున్నాడు. రికార్డింగు మరునాడే, ఆదివారం, భోజనం చేసి, క్యాసెట్టు పెట్టి కూచున్నాడు. నిజం రాయొచ్చని ఒక ఆలోచన వచ్చింది. ఒక ఇంటి భయం ధ్వనిసూత్రం వేషం వేసుకుని ఎలా తిరుగుతుందో రాస్తే అది కూడా పరిశోధనే. కానీ దానికి ఇంకో రెండేళ్లు కావాలి. మార్చి రెండు నెలల్లో ఉంది. టీ గ్లాసు ఖాళీ అయ్యేలోగా ఆ ఆలోచన అయిపోయింది.

'ముని' అన్న మాటను వదిలేసి, దాని ముందున్నదీ వెనకున్నదీ చెరిపేశాడు. ముందరిది, అతను బతిమాలింది, ఉంటే పరువు పోతుంది. వెనకది, ఆమె చెప్పిన కారణం, ఉంటే సిద్ధాంతం పోతుంది. మధ్యలో ఒక్క ఆడగొంతు, ఒక్క మాట, శుభ్రంగా మిగిలింది.

ఫిబ్రవరిలో ప్రశాంతి బడికి వచ్చింది. మధ్యాహ్నం గంట కొట్టాక, వేపచెట్టు కింద నిలబడి అడిగింది.

"సార్, మా చిన్నమ్మను పంపించేసినారు. మీరు ఒకసారి వచ్చి పెద్దోళ్ల ముందర సెప్పండి సార్. మీరు బతిమాలితేనే అనిందని. సదువు పనికని. ఆ టేపు వినిపిస్తే మా అమ్మ గుడక నమ్ముతాది."

"టేపు యూనివర్సిటీలో ఉండాదమ్మా. పరీక్ష అయ్యేదాకా ఇయ్యరు. అయినాక నేనే వస్తా."

"ఎప్పుడు సార్ పరీక్ష?"

"సెప్తాలే."

చెప్పలేదు. కానీ ప్రశాంతి ఆ ఏడే తిరుపతిలో డిగ్రీలో చేరింది. నవంబరులో యూనివర్సిటీ నోటీసు బోర్డు మీద అతని వైవా తేదీ చూసింది. వైవా అందరికీ బాహాటమే, ఎవరైనా వచ్చి వినొచ్చు.

ఆ రోజు ముసురు. హాల్లో ఇరవైమంది కూడా లేరు. హైదరాబాదు నుంచి వచ్చిన పరీక్షకుడు సన్నగా, నిద్రలేనట్టు ఉన్నాడు. థీసిస్‌ను మాత్రం పేజీ పేజీ చదివాడు.

"ఒకే ఇల్లు. ముగ్గురు ఆడవాళ్లు" అన్నాడు. "ఇది మాండలికమా, ఒక ఇంటి అలవాటా? నాకు అనుమానంగా ఉందండీ. మగవాళ్ల ఉచ్చారణ ఎందుకు లేదు? పక్కింటివాళ్లది ఎందుకు లేదు?"

వెంకటముని థీసిస్ పేజీలు తిరగేశాడు. ఇంకో రెండు ప్రశ్నలు పడితే గోడ కూలుతుంది. ఆ సంగతి హాల్లో తనొక్కడికే తెలుసనుకున్నాడు.

అప్పుడు చక్రధర్ వెనక వరసకేసి చేయి చూపించాడు.

"ఆ ముగ్గురిలో ఒకావిడ ఇక్కడే ఉన్నారు. ఇందాక గుమ్మం దగ్గర ఆ పక్కనున్న అమ్మాయి పరిచయం చేసింది. అడగండి."

వెంకటముని తిరిగి చూశాడు. గుమ్మం పక్కన ప్రశాంతి. ఆమె పక్క కుర్చీ అంచున, తడిసిన కొంగు బిగించి పట్టుకుని, తాయమ్మ. పది నెలల్లో పదేళ్లు మీద పడ్డాయి. గాజులు వదులయ్యాయి.

ఆమెను ముందుకు పిలిచారు. పరీక్షకుడు టేపు వేశాడు.

"ముని" అంది పెట్టె. తర్వాత ఏమీ లేదు. బరబర శబ్దం.

ఆ బరబర తాయమ్మకు అర్థం కాలేదు. పరీక్షకుడు కావలసినంతవరకే వినిపించాడనుకుంది.

"మీ గొంతేనామ్మా?"

"నాదే సార్."

"సాంబార్లో వేసుకుంటామే, పొడుగాటి కాయ. దాన్నేమంటారు?"

తాయమ్మ వెంకటమునిని చూసింది. అతడు బల్లను చూస్తున్నాడు. పుట్టింట్లో తొమ్మిది నెలలుగా ఆమె చుట్టూ అందరూ ఆ కాయ పేరును తిన్నగా పలుకుతున్నారు. మామ లేడు. అత్త లేదు. తిట్టడానికి భారతమ్మ కూడా ఈ హాల్లో లేదు.

"మొనక్కాయ" అంది తాయమ్మ.

"కాలి కొసల మీద నిలబడితే?"

"మొనవేండ్లు."

"చీకటి పడేముందు?"

"మొనమాపు."

పరీక్షకుడు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఆ ఇల్లు దాటి వచ్చినా అదే పలుకుతున్నారు. ఒప్పుకుంటున్నాను" అన్నాడు. హాల్లో చప్పట్లు మోగాయి. గుమ్మం దగ్గర ప్రశాంతి ఓణీ కొంగు నోట్లో కుక్కుకుంది.

బయట వరండాలో తాయమ్మ స్తంభం పక్కన నిలబడి ఉంది. వెంకటముని తప్పించుకోలేకపోయాడు.

"ఎందుకట్ల సెప్పినావు తాయమ్మా?" అన్నాడు, ఎవరూ వినకుండా. "మీ మామ ఇప్పుడు లేడు గదా."

"లేకపోతే మామ కాకుండా పోతాడా సార్? నేను మళ్లీ ఆ యింట్లో అడుగు పెట్టాల్సిందాన్ని. ఈ పొద్దు నోరు జారితే రేపు ఏ మొగం పెట్టుకోని పోయేది?"

కొంగు కొస వేలికి చుట్టుకుంటూ చెప్పింది. వచ్చే సోమవారం పెద్దమనుషులు కూచుంటారు. టేపు వినిపిస్తే వింటానని భారతమ్మే అంది. అందులో ఆ సారు బతిమాలింది ఉంటే తాయమ్మను తానే వచ్చి పిల్చుకోని పోతానని కూడా అంది.

"మీరు రానక్కర్లే సార్. మీకు సదువులు, పనులు. ఆ టేపు ఒకటిస్తే సాలు. మీరు కాళ్లు పట్టుకుంటానన్నది దాంట్లో ఉండాది గదా. అది వింటే సాలు వాళ్లకు."

హాలు తలుపు దగ్గర్నుంచి చక్రధర్ కేక వేశాడు. "డాక్టర్ వెంకటముని గారూ! ఫొటోకి రండి!"

ఆ పిలుపులో ఈసారి ఎగతాళి లేదు. వెంకటముని సంచీలో చేయి పెట్టాడు. క్యాసెట్టు తీసి ఆమె చేతిలో పెట్టాడు. తాయమ్మ దాన్ని కళ్లకద్దుకుని కొంగున ముడి వేసుకుంది.

ప్రశాంతి మాత్రం అతని మొహంలోకే చూస్తోంది.

"సార్, దాంట్లో అంతా ఉండాది గదా?"

"ఉండాది" అన్నాడు వెంకటముని.

నిజంగా డాక్టరని పిలిపించుకున్నాక అతడు చెప్పిన మొదటి మాట అది.

వాన పెరిగింది. బస్టాండు దాకా ఆడవాళ్లిద్దరూ తడుస్తూనే నడిచారు. తాయమ్మ తల తడవనిచ్చింది. కొంగు ముడిని మాత్రం పిడికిట్లో బిగించి, రొమ్ముకు ఆనించుకుని, నీళ్లు తగలకుండా తీసుకుపోయింది.